పెద్దపేగులో హెడ్మాస్టరు గారు

సైన్సు టీచరమ్మ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజే తేలాలి. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి మూడో తరగతిలో ఆవిడ పాఠం చూస్తారు. ఆయన సరేనని, హెడ్మాస్టరు గారు కూడా ఊఁ అంటే పర్మనెంటు. లేదంటే ఇంటికే. ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం దిగలేని అత్తగారు. పాపం, పొద్దుట్నించీ ఆవిడ పాఠం వల్లె వేసుకుంటూనే ఉంది.

పాఠం జీర్ణవ్యవస్థ. బడికి కొత్తగా వచ్చిన వీఆర్ కళ్ళజోడు తగిలించుకుంటే, మనమే నమిలిన ముద్దలమైపోయి గొంతులోంచి కడుపులోకి, అక్కణ్ణించి పేగుల్లోకి నడుచుకుంటూ పోతాం. చివరికి ఏ దారిన బయటపడతామో మీకు తెలుసు, నాచేత చెప్పించకండి.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చేలోగా తానోసారి చూసుకుందామని హెడ్మాస్టరు గారికి బుద్ధి పుట్టింది. క్లాసులోనే కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నారు. కడుపులో పులుసు వాన పడుతోందని గొడుగు తెమ్మన్నారు, చిన్నపేగులో మలుపులు తిరగలేక ఆయాసపడ్డారు. పెద్దపేగు చివరికొచ్చి ఠక్కున ఆగిపోయారు.

"ఇంకొక్క అడుగేస్తే అయిపోతుంది సార్," అంది టీచరమ్మ.

"ఆ గుమ్మంలోంచా? తలపండిన హెడ్మాస్టర్నమ్మా నేను!"

"పోనీ, జోడు తీసేయండి."

"పాఠం పూర్తి కాకుండా ఎవరూ తీయకూడదని రూలు పెట్టిందెవరు? నేనే తీసేస్తే పిల్లలకి ఏ మొహం చూపించను?"

ఇహ అక్కడే కొలువు తీరారు మహానుభావుడు. గుమాస్తా వచ్చి సెలవడిగితే పెద్దపేగులోంచే కుదరదన్నారు.

ఇంతలో ఇన్‌స్పెక్టరు గారు దిగారు. "హెడ్మాస్టరు గారేరీ?"

"పెద్దపేగులో ఉన్నారు సార్!" అని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు.

ఎదురుగా కుర్చీలో నిక్షేపంలా కూర్చునున్న మనిషిని ఆయన ఎగాదిగా చూశారు. అయినా మర్యాద మర్యాదే కదా, లోపలున్న మనిషిని లోపలికెళ్ళే పలకరించాలి. ఆయనా ఓ జోడు తగిలించుకుని, గబగబా అన్నీ దాటుకుని పెద్దపేగు చేరారు.

"నమస్కారం సార్! తమరు ముందు దయచేయండి," అన్నారు హెడ్మాస్టరు గారు.

"అబ్బే, వయసులో పెద్దవారు, మీరు పదండి."

"ఎంతమాట! పై అధికారి ఉండగా నేను ముందా?"

ఇద్దరూ గాల్లోకి చేతులు చాపి, దారి చూపించుకుంటూ కూర్చున్నారు. పాఠం లేదు, గీఠం లేదు. చూసే ఆయనే ఇరుక్కుపోతే ఇంక తన ఉద్యోగం గతేమిటని టీచరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది.

అందరూ బుడంకాయ అని పిలిచే ముందు బెంచీ పిల్ల చటుక్కున లేచింది. మూలనున్న నీళ్ళ బకెట్టు మోసుకొచ్చి, ఇద్దరి నెత్తినా కుమ్మరించింది.

అయిపోయింది, కొంప మునిగిందనుకుంది టీచరమ్మ.

ఇన్‌స్పెక్టరు గారు జోడు పీకి పారేశారు. "ఏమే పిల్లా, ఏం పనే ఇది?"

"పెద్దపేగు నీళ్ళు పీల్చేసుకుంటుంది సార్. ఒంట్లో నీళ్ళు చాలకపోతే లోపలున్నది గట్టిపడిపోయి కదలదు. మీరు కదలట్లేదుగా!"

"ఎవరు చెప్పారు నీకు?"

క్లాసులో ఉన్న వేళ్ళన్నీ టీచరమ్మ వైపు తిరిగాయి. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు చొక్కా అంచు పిండుకుంటూ టీచరమ్మని చూసి తలూపారు. "నాకు సరే. ఇక హెడ్మాస్టరు గారు బయటికొచ్చి ఊఁ అనాలి. లోపల్నించి అంటే మాత్రం చెల్లదు."

ఇంకా జోడు తీయని హెడ్మాస్టరు గారి గడ్డం మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"టీచరమ్మా, ఇంట్లో మీ అత్తగారికెలా ఉంది?"

"అలాగే ఉందండీ."

ఆయన కుర్చీలోంచి మెల్లగా లేచారు. "అందరూ కళ్ళు మూసుకోండర్రా," అన్నారు.

మూసుకున్నారు, ఇన్‌స్పెక్టరు గారితో సహా. హెడ్మాస్టరు గారు పంచె కాస్త పైకెత్తి పట్టుకుని, తల వంచుకుని, ఒక్క అడుగు ముందుకేశారు.

"ఊఁ," అన్నారు.