చేతులకు వచ్చిన చెడ్డపేరు

మనిషికి పేరు పెట్టాలంటే పంచాంగం చూడాలి గానీ, వెక్కిరింత పేరు పెట్టడానికి ఊళ్లో నలుగురు ఖాళీగా కూర్చుంటే చాలు. నారాయణరావుపేటలో గీత కార్మికుడు రాజమల్లయ్యకు ఆ నలుగురూ కలిసి పెట్టిన పేరు గజగజ మల్లయ్య. కొన్నేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. చాయ్ గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా మీద ఉంటుంది. ఆ వణుకుతోనే తాటిచెట్టు ఎక్కడం మానేసి పొలం పని చూసుకుంటున్నాడు.

"కల్లు గీసిన చెయ్యి, కల్లు లేంది ఆగుతదా" అని ఊరంతా నవ్వింది. పదిమంది పదిసార్లు అంటే అబద్ధానికి కూడా కాళ్లొస్తాయి. చివరకు ఇంట్లోవాళ్లూ అదే నమ్మారు.

కూతురు వందన తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున పిల్లను ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ చేశారు. చుట్టాలతో ఇల్లు నిండింది. "పిల్లను తాత చేతుల పెట్టుండ్రి, ఆయనే తొట్టెల్ల ఏస్తడు" అంది వందన పెద్దమ్మ పెంటవ్వ.

రాజమల్లయ్య ఉతికిన బట్టలు కట్టుకుని వచ్చి, రెండు చేతులూ చాపాడు. వందన పిల్లను అందించబోయి ఆగింది. ఆయన దగ్గర కల్లు వాసన వచ్చింది.

"తాగొచ్చి నా బిడ్డను ముట్టకు బాపు" అంది.

ఆ మాటకు చుట్టాలందరూ నేల చూపులు చూశారు. రాజమల్లయ్య చాపిన చేతులు వెనక్కి తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ పూట ఆ చేతులు దాదాపు వణకనే లేదు. వందన వాసన పట్టింది గానీ ఆ సంగతి పట్టించుకోలేదు.

ఆనాటి నుంచి ఆయన పిల్ల దగ్గరికి రాలేదు. గడప అవతల నిలబడి చూసి వెళ్లేవాడు. అది చూసినప్పుడల్లా వందనకు కన్నతండ్రిని అంత మాట అన్నానని బాధ, తాగుడు మానడేమని కోపం. పిల్లకు మూడో నెల వచ్చాక ఒకరోజు పాలు పట్టి, తల్లి ఐలవ్వకు అప్పజెప్పి, తండ్రిని బస్సెక్కించి సిద్దిపేట తీసుకెళ్లింది.

అక్కడ చూపించిన డాక్టర్ సింధుజ నరాల డాక్టరేమీ కాదు. జ్వరాలూ దగ్గులూ చూసే మామూలు డాక్టరమ్మ.

"మేడం, మా బాపుకు తాగుడు మాన్పే గోలీలు రాయుండ్రి. ఆ చేతులు చూడుండ్రి ఎట్లయినయో."

"గోలీల సంగతి తర్వాత చూద్దాం. పెద్దాయనా, చేతులు ఒళ్లె పెట్టుకొని నిమ్మళంగ కూసోండి."

ఒళ్లో పెట్టుకున్న చేతులు నిశ్చలంగా ఉన్నాయి. ముందుకు చాపమంటే వణికాయి. ఒక గ్లాసులోని నీళ్లు మరో గ్లాసులో పోయమంటే బల్ల తడిసింది. తెల్లకాగితం, పెన్ను ఇచ్చి జిలేబీలా గీత చుట్టమంది. జిలేబీ అంచంతా రంపం పళ్లలా వచ్చింది. తర్వాత ఆయన్ని గదిలో అటూ ఇటూ నడిపించింది. మోచేతులు వంచి బిగుతుగా ఉన్నాయేమో చూసింది. నాడి చూసింది, మెడ తడిమింది. ఆ తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది.

"రోజూ తాగుతరా?"

"లేదమ్మా. పండుగకో, శుభకార్యానికో."

"తాగినప్పుడు వణుకు పెరుగుతదా, తగ్గుతదా?"

"తగ్గుతదమ్మా. జరసేపు."

"మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్ల ఉండెనా?"

"మా అవ్వకు తలకాయ ఆడుతుండె."

వందనకు నానమ్మ గుర్తొచ్చింది. ఆమె తల ఎప్పుడూ వద్దు వద్దన్నట్టు అడ్డంగా ఆడేది. చేత్తో బెల్లంముక్క ఇస్తూ తలతో వద్దనే నానమ్మను చూసి పిల్లలంతా విరగబడి నవ్వేవాళ్లు. ఆ నానమ్మ బతికున్నన్నాళ్లూ కల్లు ముట్టలేదు.

"మరి తొట్టెల నాడు ఎందుకు తాగినవ్ బాపు?" అని మెల్లగా అడిగింది.

"పిల్లను ఎత్తుకుంటే చేతులు ఆడొద్దని, బిడ్డా. నా చేతులకెళ్లి జారిపడితే ఎట్ల అని భయమైంది."

వందన తండ్రి చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఇన్నాళ్లూ ఆ చేతులు ఎందుకు వణుకుతున్నాయని ఆయన్ని ఒక్కసారైనా అడగలేదే అని ఏడ్చింది.

సింధుజ ఆమెను ఏడవనిచ్చి, తర్వాత అంది: "ఇది తాగుడుతోని వచ్చిన వణుకు కాదమ్మా. కొన్ని కుటుంబాలల్ల వంశంల వచ్చే వణుకు. పూర్తిగ పోదు గానీ మందుతోని చానామందికి తగ్గుతది. థైరాయిడ్ పరీక్ష చేపిద్దాం, దమ్ము, ఆయాసం లేదని చూసుకొని గోలీ ఇస్త. కల్లుతోని తగ్గుతదని దాన్నే మందు చేసుకుంటే మాత్రం, అప్పుడు నిజంగనే తాగుడుకు దొరుకుతరు పెద్దాయనా. వణుకు చూసినోళ్లందరు పేరు పెట్టిన్రు. ఎవ్వలు కారణం అడగలే."

ఇంటికి వచ్చాక వందన తండ్రిని మంచం మీద కూర్చోబెట్టి, ఒడిలో దిండు పెట్టి, దాని మీద పిల్లను పడుకోబెట్టింది. రాజమల్లయ్య చేతులు పిల్ల చుట్టూ చేరాయి. మందు ఇంకా మొదలుపెట్టనేలేదు. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"ఆడుతున్నయి బిడ్డా, తీసుకో" అన్నాడు కంగారుగా.

"ఆడనియ్యి" అంది ఐలవ్వ. "తొట్టెల ఊపినట్టే ఉన్నది. చూడు, ఎట్ల పండుకున్నదో."

పిల్ల నిజంగానే నిద్రపోయింది. వందన పక్కనే కూర్చుని తండ్రి భుజం మీద తల ఆనించింది. వణికే చెయ్యి కనిపిస్తే దానికి పేరు పెట్టే ముందు, ఎందుకు వణుకుతోందని ఆ మనిషినే ఒక్క మాట అడుగుదాం.