టోలివర్ వీపు మీది ఏడక్షరాలు

వరస తప్పొచ్చు, ముందే చెబుతున్నాను. ఆ ఏటి మంచు తుఫాను ఇదంతా జరగకముందు వచ్చిందో తర్వాత వచ్చిందో గట్టిగా చెప్పలేను. గుర్తున్నంతవరకు రాసిపెడుతున్నాను. రేపటికి ఈపాటి కూడా ఉంటుందో లేదో.

మైనాట్ ఊరి స్టేడియం కింద గదిలో మా అక్క ఓపల్ బాస్కెట్‌బాల్ జట్టు బట్టలు ఉతికేది, నేను ఆరేసేదాన్ని. పెద్ద లీగుకి ఎక్కలేక, ఆట మానలేక ఊరూరా తిరిగేవాళ్ల జట్టు అది. పొద్దున్నే పది జెర్సీలు, వీపున ఇంగ్లీషు అక్షరాలతో కుట్టిన పేర్లతో, తీగ మీద వేలాడుతుండేవి. ఎవరినైనా జట్టులోంచి తీసేసే రోజు దగ్గరపడితే అతని పేరులో అక్షరాలు రోజుకొకటి చొప్పున రాలేవి. ఆఖరిది రాలిన రోజున కోచ్ గెంట్రీ పిలిచి పంపేసేవాడు. రాలినవాటిని అక్క బిస్కెట్ల డబ్బాలో వేసేది. ఎదురు కాఫీ హోటల్లో, అక్షరం రాలినవాడి పళ్లెంలో రెండు గుడ్లకు బదులు మూడు వేసేవారు. ఆ మూడో గుడ్డు ఎవడూ తినగా నేను చూడలేదు.

టోలివర్ గార్డు. బంతి ముందుకు తెచ్చి అందరికీ అందించేవాడు. ముప్ఫై నాలుగేళ్లు, పన్నెండేళ్లలో పదమూడు జట్లు. పెద్ద లీగులో ఒక్కసారి పది రోజుల ఒప్పందం దొరికితే, తొమ్మిది రోజులు బెంచీ మీదే గడిచాయట. ఆ జనవరిలో అతని భార్య లోరీన్‌కి ఏడో నెల. డాక్టరు మంచం దిగొద్దన్నాడు, ప్రయాణం మాటే ఎత్తొద్దన్నాడు. వాళ్లుండే ఇల్లు జట్టుది. ఆసుపత్రి బీమా కూడా జట్టుదే.

సోమవారం మొదటి అక్షరం నా చేతిలోనే రాలింది.

"టోలీ, వీపుకి గాలాడుతోందిరా!" అని నవ్వారు తోటివాళ్లు. "పద్నాలుగో ఊళ్లో చలి తక్కువట, ఆ కోటు మాకిచ్చి పో."

"మీ చేతులకి కోటు ఎందుకురా, బంతే నిలవదు" అన్నాడతను. కానీ ఆ పూట తనకే ఫ్రీ త్రోలు పదికి రెండు పడ్డాయి.

శుక్రవారానికి రెండే మిగిలాయి. అతను కింద గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓపలమ్మా, రెండు నెలలు. బిడ్డ బయటపడేదాకా. ఆ తర్వాత ఏ బస్సెక్కమన్నా ఎక్కుతాను."

"మళ్ళీ కుట్టినా నిలవవు నాయనా."

"కుట్టొద్దు. ఇంకేదైనా చెయ్యండి."

అక్క తీగ వైపు చూసింది. "తనంతట రాలితేనే కదా గెంట్రీ పిలిచేది. నేను కత్తిరిస్తే రాలినట్టు కాదు."

"వద్దక్కా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

"నువ్వూరుకో. సూదిలో దారం ఎక్కించడం రాదు, సలహాలొకటి" అంటూ ఆ రెంటి కుట్లూ తెంపేసింది. కత్తెర చప్పుడుకి మిగతా తొమ్మిది జెర్సీలూ ఒక్కసారి ఊగాయి. ఆ గదికి కిటికీ లేదు.

ఆదివారం గెంట్రీ కాగితం పట్టుకుని వచ్చాడు. బోసి వీపు చూశాడు, కాగితం చూశాడు. "ఇవాళ ఒకణ్ణి పంపాలిరా... ఎవణ్ణి?" ఎవరూ చెప్పలేకపోయారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. టోలివర్ మా అక్కని ఎత్తి గిరగిరా తిప్పాడు.

ఆ సాయంత్రం ఆటలో ఇరవై రెండు పాయింట్లు తెచ్చాడు. బంతి బుట్టలో పడ్డ ప్రతిసారీ మైకులో పేర్లు చదివేవాడు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. మర్నాడు పేపర్లో ఆ అంకెల ముందు ఖాళీ ఉంది. తోటివాళ్లు "ఓయ్" అని పిలవడం మొదలుపెట్టారు. హోటల్లో మూడో గుడ్డు మాట అటుంచి, అసలు పళ్లెం పెట్టడమే మరిచిపోయారు.

మార్చిలో ఆడపిల్ల పుట్టింది, క్షేమంగా. నర్సు కాగితం తెచ్చి "తండ్రి పేరు?" అంది. లోరీన్ నవ్వుతూ అతని వైపు తిరిగి నోరు తెరిచింది. నవ్వు మొహాన అలాగే ఉండిపోయింది. "నువ్వే రాయి" అంది చివరికి. అతను కలం తీసుకున్నాడు. సిరా చుక్క పెద్దదైంది గానీ గీత పడలేదు.

ఆసుపత్రి నుంచి తిన్నగా మా గదికే వచ్చాడు. అక్క డబ్బా బల్ల మీద బోర్లించింది. ఇరవై ఏళ్లుగా ఎందరివో రాలిన అక్షరాలు. ఏరి, పేర్చి, చెరిపి, మళ్ళీ పేర్చాం.

"ఇదేనా నాయనా?"

"కాదేమో."

"పోనీ ఇది?"

"ఏమో ఓపలమ్మా. వినడానికి బాగానే ఉంది."

అక్క ఆ తర్వాత కత్తెర ముట్టలేదు.

రెండేళ్లకి జట్టు మూతపడింది. తీసేసినట్టు అందరికీ ఉత్తరాలొచ్చాయి, అతనికి రాలేదు. ఇంక అతన్ని తీసేసేవాళ్లెవరూ లేరు. ఇప్పటికీ పొద్దున పది గంటలకి, తాళం వేసిన స్టేడియంలోంచి బంతి కొడుతున్న చప్పుడు వస్తుంది. లోరీన్, పిల్లా గేటు దగ్గర నిలబడి, ఏమని పిలవాలో తెలియక, ఆ చప్పుడు ఆగేదాకా చూసి వెళతారు.

వెర్నా, మీ అమ్మ బిస్కెట్ల డబ్బా నీ దగ్గరే ఉంది. టోలివర్ అని రాశాను గానీ అది ఆ రోజు మేం పేర్చిన పేరే. ఇంకోలా పేర్చి చూడు. గెంట్రీ, లోరీన్ సరిగ్గానే రాశాననుకుంటాను, అవీ చూడు తల్లీ. మీ అమ్మ పేరు ఓపలే కదా?