గుండె బొమ్మ కింద పేరు

ముంగిస ఎవరో పరీక్షల బోర్డుకు తెలియాల్సి వచ్చింది. పదో తరగతి సైన్స్ పేపర్లు దిద్దుతుండగా, ఒకే బడికి చెందిన నలభై ఒక్క జవాబు పత్రాల్లో మనిషి గుండె బొమ్మ కింద ఒకే మాట కనిపించింది: ‘బొమ్మ: ముంగిస’. జవాబు పత్రంలో ఎవరి పేరూ ఉండకూడదన్నది నిబంధన. నలభై ఒక్కరూ ఒకే పేరు రాస్తే దాన్ని మూకుమ్మడి కాపీ అంటారు. బోర్డు ఆ తరగతి ఫలితాలు ఆపేసి, విచారణకు ఒక అధికారిని పంపింది. కాపీ అని తేలితే పిల్లలు ఏడాది ఆగాలి. సైన్స్ టీచర్ కాంట్రాక్టు మనిషి. ఆమె ఆగే పని ఉండదు, వెళ్లిపోవడమే.

అధికారి సోమవారం పదింటికి వచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ ఆయనకు కుర్చీ వేయించి, ఈ వ్యవహారం తనకేమీ తెలియదని రెండుసార్లు చెప్పింది. ఆయన ఒక్కసారీ అడగలేదు.

విచారణకని పిలిపించిన పిల్లలు కూర్చున్న తరగతి గదిలోకి టీచర్ ఆయన్ను తీసుకెళ్లింది. బడికి ఇంటర్నెట్ సరిగా రాదు. అందుకని ఆమె పాఠాలను ఇంట్లో వెబ్ పేజీలుగా తయారు చేసి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, గదిలోని పాత కంప్యూటర్‌లో పెట్టేది. ప్రొజెక్టర్ వేస్తే గోడ మీద గుండె కనిపించింది. ఒకచోట నొక్కితే గుండెలోని ఆ గది పేరు వస్తుంది, ఇంకోచోట నొక్కితే రక్తం కదులుతుంది. బొమ్మ ఆమె గీసింది కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, మారిస్తే ఆ సంగతీ గీసినవారి పేరూ చెప్పాలి అన్న షరతుతో ఎవరో నెట్‌లో పెట్టారు. ఆ ఎవరో అక్కడ పెట్టుకున్న పేరు ముంగిస.

ఆడా మగా అని అధికారి అడిగాడు. తెలియదని టీచర్ చెప్పింది. ఆయన ‘తెలియదు’ అని రాసుకున్నాడు.

షరతు ఉంది కనుక ఆమె ప్రతిసారీ బొమ్మలోని భాగాలతో పాటు కింది పేరు కూడా పిల్లలతో చదివించేది. ఒకటో తరగతి నుంచి ఏది చదివిస్తే అది బట్టీ పట్టిన పిల్లలు. ఇదీ పట్టారు.

అధికారి మొదటి బెంచీ అమ్మాయిని లేపాడు. బడిలో ఆమెను లాయరమ్మ అంటారు.

“పరీక్షలో ఎవరి పేపర్ చూశావమ్మా?”

“ఎవరిదీ చూళ్లేదు సార్. గుర్తున్నదే వేశాను.”

“మరి వేరేవాళ్ల పేరెందుకు రాశావు?”

“గుర్తున్నది వాళ్ల బొమ్మే కదండీ.”

ఆయన ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో కాపీ కొట్టి, ఎవరిది కొట్టారో కింద రాసినవాళ్లు తగల్లేదు. అలాగని వదిలేయమనే నిబంధన కూడా లేదు. కంప్యూటర్ ఆపించి, పిల్లల్ని ఎడంగా కూర్చోబెట్టి, తెల్లకాగితాలు పంచాడు. గుండె వేయమన్నాడు.

ఇరవై నిమిషాల తర్వాత కొత్త బొమ్మల పక్కన జవాబు పత్రాల జిరాక్సులు పరిచాడు. ధమనిని తప్పువైపు వేసినవాడు మళ్లీ అటే వేశాడు. గుండెను వంకాయలా వేసినవాడు మళ్లీ వంకాయే వేశాడు. వెనక బెంచీవాడు నాలుగు గదులకు మూడే వేసి, అప్పటిలాగే కింద రాశాడు: ‘బొమ్మ: ముంగిస. మార్పులు చేశాను’.

“ఏ ఇద్దరి తప్పులూ కలవలేదు,” అన్నాడు అధికారి. “చూసి వేసినవాళ్లకు తప్పులన్నా కలవాలి.”

తనకు మొదటి నుంచీ తెలుసని హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది.

అధికారి అక్కడే నివేదిక రాసి, వెనక అసలు బొమ్మ ప్రింటు జతచేశాడు. ప్రింటులో పేరున్న కింది వరస రాలేదు. టీచర్ అది చూసింది. ఆయన సంతకం పెట్టబోతుంటే అంది.

“సార్, దాని కింద పేరు రాయాలండీ.”

హెడ్‌మిస్ట్రెస్ దగ్గింది. అధికారి టీచర్ వంక చూసి, బొమ్మ కింద ‘ముంగిస’ అని రాసి, సంతకం పెట్టాడు.

గురువారం ఫలితాలు విడుదలయ్యాయి. టీచర్ కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. పరీక్షలో బొమ్మల కింద ఏమీ రాయకూడదని పిల్లలకు చెప్పాలన్న మెమో దానికి జతచేశారు. మూడు గదుల గుండెకు మార్కు రాలేదు.