అత్తగారి ఒంట్లో కోడలి నొప్పి

పదకొండు దాటిందంటే కోడలు పనిచేసే లాండ్రీలో ఇస్త్రీపెట్టెలు బాగా కాగుతాయి. ఆ వేళకి ఇంట్లో అత్తగారు కుట్టుమిషన్ పక్కనే ఫోను పెట్టుకుని కూర్చునేది.

"అబ్బా!" అని చెయ్యి విదిలించి నంబరు నొక్కింది. "ఎడమ చెయ్యి తియ్యమను బాబూ, కాలిపోతోంది."

లాండ్రీ యజమాని తలెత్తకుండానే కేకేశాడు. "ఎడమ చెయ్యటమ్మా, మీ అత్తగారు!"

కోడలు చెయ్యి తీసి చూసుకుంది. వేలు ఎర్రగా కమిలింది. ఆమెకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

పెళ్లయి ఈ ఇంటికొచ్చిన ఆరేళ్ల నుంచీ అంతే. దెబ్బ కోడలికి, నొప్పి అత్తగారికి. ఎవరికైనా వేడి తగిలితే మనసుకి తెలిసేలోపే చెయ్యి వెనక్కొచ్చేస్తుంది. ఈ అమ్మాయి చెయ్యి రావాలంటే రెండు వీధుల అవతల్నుంచి ఫోను రావాలి. పక్కింటావిడ "కోడలెలా ఉంది?" అంటే, అత్తగారు తన వేళ్లు తడుముకుని "ఇవాళ పర్వాలేదు" అనేది.

విసుగు లేకపోలేదు. "నా మోకాళ్లు నాకు చాలవా, నీవి కూడా నేనే మొయ్యాలా?" అని సణిగేది.

ఒక బుధవారం అత్తగారికి బొడ్డు చుట్టూ నులినొప్పి పట్టుకుంది. తిన్నది అరగలేదేమోనని వేణ్ణీళ్లు తాగింది. మధ్యాహ్నానికి నొప్పి కుడివైపు కిందికి దిగి ప్రాణం తోడేస్తుంటే, పక్కింటావిడ ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నొక్కి చూసింది, స్కానింగు తీయించింది.

"మీ కడుపు శుభ్రంగా ఉందండీ."

అత్తగారు దిగ్గున లేచి కూర్చుంది. "అయితే ఇది నాది కాదు!"

"ఎవరిదో వాళ్లని తొందరగా రమ్మనండి," అంది డాక్టరమ్మ.

"నాకేం లేదత్తయ్యా, ఇంకో రెండు దుప్పట్లున్నాయి," అంది కోడలు ఫోన్లో.

"నీకేం తెలుసే! చచ్చిపోతున్నది నేను. ఉన్నపళంగా రా!"

వచ్చేసరికి కోడలి ఒళ్లు కాలిపోతోంది. ఇస్త్రీపెట్టె సెగ అనుకుందట. అపెండిక్స్ పగలడానికి సిద్ధంగా ఉందని చెప్పి, అప్పటికప్పుడు ఆపరేషనుకి తీసుకెళ్లారు.

బస్సు డ్యూటీలో ఉన్న కొడుకు యూనిఫాంతోనే పరిగెత్తుకొచ్చాడు. అత్తగారు బెంచీ మీద కడుపు పట్టుకుని ఉంది. ఉన్నట్టుండి నొప్పి తీసేసినట్టు పోయింది.

"మత్తిచ్చి ఉంటారమ్మా," అన్నాడు కొడుకు.

ఆమెకి చెవికెక్కలేదు. ఒంటి మీద కత్తి పడుతున్నా కోడలి దగ్గర్నుంచి ఏమీ రాకపోవడం ఆరేళ్లలో ఇదే మొదటిసారి. వేళ్లు తడుముకుంది, పొట్ట తడుముకుంది. ఎక్కడా ఏమీ లేదు. గంట గడిచింది. "ఒక్కసారి నొప్పెట్టు తల్లీ," అని గొణుక్కుంటూ పొట్టని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు కుడివైపు సన్నగా చురుక్కుమంది. తర్వాత భగ్గున మండింది.

"అబ్బా! లేచిందిరా!" అని కొడుకు మీద పడి భోరుమంది. తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది, చెప్పడానికి ఆవిడకేం మిగల్లేదు.

మర్నాడు కోడలు దిండుకి ఆనుకుని హాయిగా కూర్చుంటే, పక్క మంచం మీద అత్తగారు మూలుగుతోంది. నర్సు నొప్పి మాత్ర తెచ్చి నేరుగా అత్తగారి చేతిలో పెట్టింది. అది చూసి కోడలికి నవ్వాగలేదు.

"నవ్వకే, కుట్లు లాగుతున్నాయి," అంది అత్తగారు, తనూ నవ్వేస్తూ.