పొగగొట్టం జాలీ

మా బావగారి బేకరీ పొగగొట్టం మీద ఇనుప జాలీ మాయమైంది. నిప్పురవ్వలు బయటికి ఎగరకుండా ఆపేది అదొక్కటే. గోడకు ఇవతల నా పరుపుల షెడ్డు, పెరటి నిండా ఎండబెట్టిన దూది. ఇక చెప్పేదేముంది, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని చేస్తున్నాను.

మొదటి నిప్పురవ్వ పడగానే వెళ్లి అడిగాను.

"జాలీకి మసి పట్టేసి పొగంతా లోపలికే తన్నుతోందమ్మా. అందుకే తీసేశా," అన్నారు బావగారు.

"మసి పడితే దులిపి మళ్లీ పెట్టాలి గానీ, తీసేస్తారా?"

"ఆ మసి ఓ పట్టాన వదలదు. ఇరుగుపొరుగు అన్నాక కాస్త సర్దుకోవాలి."

మా ఆయనకు చెబితే ఆయనదీ అదే పాట. "అన్నయ్యతో గొడవెందుకు? సర్దుకుపో," అన్నాడు. సర్దుకోవడానికి ఇదేమన్నా బస్సులో సీటా? నేను సర్దుకున్నా దూది సర్దుకుంటుందా?

నిన్న పొద్దున బావగారు పంపిన బన్ను తిరగేసి చూస్తే అడుగున గళ్లు గళ్లుగా అచ్చు పడి ఉంది. అనుమానం వచ్చి బేకరీలోకి వెళ్లాను. నాలుగు ఇటుకల మీద పొగగొట్టం జాలీ, దాని మీద వేడివేడి బన్నులు!

"పళ్లెంలో పెడితే అడుగు చెమ్మగిల్లుతోందమ్మా. దీని మీదైతే గాలి ఆడుతుంది. తళతళలాడేలా తోమించాను," అన్నారు గొప్పగా.

తోమితే మసి పోతుందని ఆయనకూ తెలుసన్నమాట! నా దూది కోసం వదలని మసి బన్నుల కోసం వదిలింది. ఒళ్లు మండిపోయింది. ఏదో అనేలోపే మా పెరట్లోంచి కమురు వాసన వచ్చింది. పరుగెత్తాను.

నీళ్లు కొట్టి ఆర్పి, కాలిన బుల్లి పరుపును తెచ్చి ఆయన ముందు పరిచాను. ఒక చివర పిడికిలి పట్టేంత చిల్లు.

"అయ్యో, ఎవరిదమ్మా ఇది?"

"మీ మనవరాలిదే. మెత్తటి దూది పెట్టమని మీరే కదా చెప్పారు. ఇది తల పెట్టే వైపు."

ఆయన బన్నులన్నీ బల్ల మీదికి దొర్లించి, పొయ్యి ఆర్పించి, జాలీ చంకన పెట్టుకుని నిచ్చెన ఎక్కారు. నా దూది మీద ఎన్ని నిప్పురవ్వలు పడ్డా ఎక్కని నిచ్చెన అది. కింద పట్టుకున్నాను గానీ నా కోపం మాత్రం చల్లారలేదు.

"ఊగుతోందమ్మా, గట్టిగా పట్టుకో!" అని పైనుంచి కేకేశారు.

"కాస్త సర్దుకోండి బావగారూ," అన్నాను.