చెవితో నొక్కిన క్షణం

నేను ఒక స్టాప్‌వాచీని. బేస్‌బాల్ జట్టుకి జనరల్ మేనేజరుగా చేరిన మూడో రోజు ఉదయం హైమావతి నా తోలుసంచిని దులిపితే, చిరిగిన అస్తరులోంచి, పదకొండేళ్ల క్రితం దొరక్కుండా పోయి ఒక మనిషి ఉద్యోగం తీసేసిన చీటీ జారి బల్లమీద పడింది.

"సూరాడ ముత్యాలు. 4.4. వరహాలు." అంతే ఉంది దానిమీద. హైమావతి మొహం పాలిపోయింది. ఆమె ముందు తెరిచి ఉన్న ఫైల్లో అదే ముత్యాలు పేరు పక్కన 4.1 అని ఉంది. కింద ఎర్రసిరాతో, "వరహాలు తప్పుడు సమయం ఇచ్చాడు. తొలగించడమైనది."

ఆ వరహాలునే మళ్లీ పిలిచి, ఆటగాళ్లను వెతికే పని మొత్తం అప్పగించాలని ఆమె పట్టుదల. పదకొండు గంటలకి డైరెక్టర్ల సమావేశం. జట్టు ప్రెసిడెంటు నీలాద్రిరాజు మాత్రం, "ఆ దొంగ లెక్కలవాడు ఈ మెట్లెక్కడానికి వీల్లేదు" అని ముందే చెప్పేశాడు.

నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఇన్నేళ్లూ ఆ చీటీ పక్కనే కదా నిద్రపోయాను.

ఎక్కడో చలిదేశంలో పుట్టి, ఓడెక్కి విశాఖ వచ్చాను. హార్బరు గేటు దగ్గర పాతసామాన్ల కొట్లో నన్ను కొన్నది వరహాలు. విశాఖ లంగర్లు అనే బేస్‌బాల్ జట్టుకి ఊరూరా తిరిగి ఆటగాళ్లను పట్టుకొచ్చేవాడు. నా పని చిన్నది. బ్యాటు బంతిని తాకగానే ఒక నొక్కు. కొట్టినవాడు పరుగెత్తి మొదటి బేస్‌మీద కాలు పెట్టగానే మరో నొక్కు. ఆ రెండు నొక్కుల మధ్య నేను మేలుకుంటాను. మిగతా కాలమంతా నాకు కల, చుట్టూ జరిగేది ఆ కలలోంచే కనబడుతుంది, వినబడుతుంది. అందులో సముద్రపు మంచు, తెల్లటి గీతలు, ఎప్పటికీ కింద పడని ఒక బంతి.

ఆ ఏడాది ఎంపికలు రెండు రోజులు జరిగాయి. మొదటి రోజు వరహాలు బ్యాటరు వెనకే బకెట్టు బోర్లించుకుని ఎండలో కూర్చున్నాడు. ముత్యాలు పరుగు నాలుగు పాయింట్ నాలుగు సెకన్లు. చాలామంది పరిగెత్తేదే. వరహాలు చీటీ రాసి జేబులో పెట్టుకున్నాడు.

రెండో రోజు నీలాద్రిరాజు వచ్చాడు. అప్పటికి అతను అసిస్టెంటు మేనేజరు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. "ఇవాళ నేను కొలుస్తాను, వాచీ ఇవ్వు" అని నన్ను తీసుకుని, మైదానం అవతలి కంచె దాటి నీడగా ఉన్న గ్యాలరీ వైపు నడిచాడు.

"అంత దూరం ఏటి బాబూ? సప్పుడు ఇని నొక్కీగలరు. కంటితో నొక్కాల, సెవితో కాదు" అని వెనకనుంచి అరిచాడు వరహాలు.

"నువ్వలా బకెట్టుమీదే రిటైరవు వరహాలూ. నేను నీడలో కూర్చుని మేనేజర్నవుతాను."

ముత్యాలు కొట్టాడు. బంతి లేచింది, మనిషి కదిలాడు, రాజు బొటనవేలు మాత్రం కదల్లేదు. వంద మీటర్ల మైదానం దాటుకుని చప్పుడు తీరిగ్గా వచ్చింది. అప్పుడు నన్ను లేపాడు. బేస్‌మీద కాలు పడటం మాత్రం కంటితోనే చూసి నొక్కాడు, నాలుగు పాయింట్ ఒకటి దగ్గర ఆగాను. నొక్కితే లేస్తాను, నొక్కితే ఆగుతాను. ఆలస్యంగా లేపారని చెప్పే ముల్లు నాకు లేదు.

అంతటి వేగం దొరకడం అరుదు. డైరెక్టర్లు పండగ చేసుకున్నారు. ముత్యాల్ని కనిపెట్టినందుకు రాజు జనరల్ మేనేజరయ్యాడు. జట్టు ఆస్తి పేరుతో నేను అతని సొరుగు చేరాను. రెండు సీజన్లపాటు ముత్యాలు ప్రతిసారీ బేస్‌కి అడుగు దూరంలో అవుటయ్యాడు. ఎవరు చెప్పారీ నాలుగు పాయింట్ ఒకటి అని డైరెక్టర్లు గర్జించారు. రిపోర్టులో వరహాలు పేరుంది.

"నా సీటీ తియ్యండి బాబూ, మీ సేతికే ఇచ్చాను గదా" అని మొత్తుకున్నాడతను. చీటీ దొరకలేదు. ఇప్పుడు బడిపిల్లల పోటీలకి సున్నంతో గీతలు గీస్తున్నాడు.

రాజు ప్రెసిడెంటయ్యాడు. దిగిపోయే జనరల్ మేనేజరు కొత్తగా వచ్చినవాడికి నన్ను అప్పగించడం ఆనవాయితీ అయింది. నలుగురు వచ్చారు. వచ్చిన రోజు పూలగుత్తి, వెళ్లే రోజు "కుటుంబంతో గడపాలనుకుంటున్నాను" అనే ప్రకటన. ఒకాయన నాతో గుడ్లు ఉడికే సమయం చూసుకున్నాడు. ఇంకొకాయన తన ఉపన్యాసాన్ని కొలుచుకుని, ఎంత పొడవైతే అంత మురిసిపోయాడు. నా సంచి లోపల ఏముందో చూద్దామని ఒక్కరికీ తోచలేదు.

హైమావతి నన్నూ చీటీనీ పట్టుకుని ప్రెసిడెంటు గదిలోకి నడిచింది. కిటికీ అవతల సముద్రమూ ఆకాశమూ మంచులో ఒకటైపోయి ఉన్నాయి.

"సర్, ముత్యాలు పరుగు మీరు ఎక్కడ కూర్చుని కొలిచారు?"

"నేనెందుకు కొలుస్తానమ్మా? వరహాలు కదా."

ఆమె చీటీని బల్లమీద పెట్టి, దానిమీద నన్ను పెట్టింది. "రెండో రోజు కొలిచింది మీరేనని వరహాలు గారు చెప్పారు. ఆయన కింద కూర్చున్నారు. పైకి రమ్మంటే, రాజు గారు పిలిస్తేనే వస్తానన్నారు."

రాజు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా బొటనవేలు నామీద ఆనింది. నొక్కాడు. నేను లేచాను. నా ముల్లు తిరుగుతుండగానే అతను నోరు విప్పాడు.

"నీడకోసం వెళ్లి కూర్చున్నాను హైమావతీ. చప్పుడు విని నొక్కాను. ఆ సాయంత్రం వరహాలు చీటీ తెచ్చిస్తే నా పొరపాటు తెలిసింది. కానీ అప్పటికే డైరెక్టర్లకి ఫోన్లో చెప్పేశాను. వాళ్లకి నా మాటమీద గురి లేదు, వరహాలు కన్నుమీదే గురి. అందుకే అతని పేరు రాశాను. అతను చీటీ అడిగిన రోజు అది నా జేబులోనే ఉంది. చింపుదామని ఎన్నిసార్లు తీశానో! చేతులు రాక దీని సంచి అస్తరులో దూర్చి వదిలేశాను. కొత్తవాడు వచ్చినప్పుడల్లా, వీడైనా చూస్తాడా అని ఎదురుచూశాను. చూడకపోతే హమ్మయ్య అనుకున్నాను. అతన్ని పైకి రమ్మను... వద్దు, నేనే దిగి వెళ్తాను. డైరెక్టర్లకీ నేనే చెబుతాను. వరహాలు అబద్ధం చెప్పలేదు. నొక్కింది నేను."