చర్చిని లోపలినుంచి వాటేసుకున్నాం

మా నెదర్‌కూమ్ చర్చిని కట్టినవాళ్లకు ఎక్కడ ఆపాలో తెలియలేదు. తొమ్మిదొందల ఏళ్ల కిందట, ఇంగ్లండును నార్మన్లు ఏలిన కాలంలో గొర్రెల దొడ్డంత కట్టారు. తర్వాత ఉన్ని వర్తకుడొకడు, భార్య టోపీ లోపల పట్టడం లేదని దక్షిణాన స్తంభాలతో ఇంకో నడవ కలిపాడు. వాడి కొడుకు గంటల గోపురం లేపాడు. దాని చూరున నోరు తెరుచుకుని వాననీళ్లు కక్కే రాతి మొహం అచ్చంగా మేస్త్రీ అత్తగారిదే. నేను దగ్గరుండి చూసినంత నిజం.

చర్చి పెరిగింది, ఊరు తరిగింది. చిక్కంతా అక్కడే. పాత ఆచారం ప్రకారం ఏటా మే నెలలో ఒక ఆదివారం ఊరంతా చేతులు కలుపుకుని చర్చిని చుట్టూరా వాటేసుకోవాలి. తాళ్లూ రుమాళ్లూ కుదరవు, చేతికి చేయే అందాలి.

“ఈసారి కలవకపోతే ఇక మానేద్దాం,” అన్నారు కొత్తగా వచ్చిన పాదిరి క్రిస్పిన్‌గారు. ఆ మాటకు థిర్జా పిల్‌బీమ్ మూడు రోజులు టీ ముట్టలేదు. ఎనభై ఒక్కేళ్ల మనిషి. ఆరో ఏటినుంచి ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఆదివారం పాదిరిగారితో కలిపి నలభై ఒక్కమందిమి తేలాం. గోపురం చుట్టి, గోడకు ఆనించి కట్టిన రాతి దిమ్మలన్నీ దాటి వాకిలి మండపం దగ్గరికొచ్చేసరికి, ఇంకా ఐదుగురు పట్టేంత ఖాళీ.

“లాగవయ్యా అమోస్, లాగు!” అని నామీద అరిచింది థిర్జా.

“ఇంకా లాగితే చెయ్యి ఊడి నీ దగ్గరే ఉండిపోతుంది.”

“ఉంటే ఉండనీ. దాంతో నువ్వెప్పుడైనా పనిచేశావా ఏంటి!”

పాదిరిగారు గొంతు సవరించుకున్నారు. థిర్జా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గాడిద తన్నినప్పుడు కూడా ఏడవని మనిషి! నా బుర్రలో ఏదో తళుక్కుమంది.

“లోపలికి పదండర్రా!” అన్నాను. “గోడలే నాలుగడుగుల మందం. గోపురం, మండపం, దిమ్మలు అన్నీ బయటే ఉండిపోతాయి. లోపలి చుట్టు చిన్నది.”

“లోపలినుంచి వాటేసుకోవడమేమిటి?” అన్నారు పాదిరిగారు.

థిర్జా ముక్కు తుడుచుకుంది. “అమ్మను మనం మొదట వాటేసుకుంది ఎటునుంచి బాబూ?”

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

లోపలికి దూరాం. గోడకు పొట్టలు ఆనించి చేతులు చాచాం. నా ముక్కుకెదురుగా, పాతకాలపు గోడబొమ్మలో, ఒక సైతాను సారా అమ్మేవాణ్ణి పెనంలో వేపుతున్నాడు. చేతులు కలిశాయి! కలవడమేమిటి, ఇద్దరు మిగిలారు కూడా. ఆ సందడికి మా చేతుల గొలుసు గోడ వదిలేసి గంతులు మొదలెట్టింది. స్తంభాల మధ్యనుంచి, జ్ఞానస్నానపు తొట్టి చుట్టూ, పాదిరిగారి చెయ్యి పట్టుకుని థిర్జా ముందు, మేమంతా వెనక. ఐదొందల ఏళ్ల దుమ్ము నెత్తిన రాలింది. పైనున్న గబ్బిలాలు కూడా దిగొచ్చి గొలుసులో కలిశాయని కొందరన్నారు.

చివరికి పాదిరిగారు బల్లమీద కూలబడి రొప్పుతూ, “వచ్చే ఏడు...” అన్నారు.

థిర్జా నడుంమీద చేతులు పెట్టుకుంది. “ఆఁ, వచ్చే ఏడు?”

“మెత్తటి బూట్లు వేసుకొస్తానమ్మా.”